కొత్త కుండలో ఆట

ఆ ఆదివారం పొద్దున ధర్మ వేసుకున్న పథకానికి వంక పెట్టడానికేమీ లేదు. పాడేరుకి ఒక్క ట్రిప్పు వేసి, మధ్యాహ్నానికల్లా ఇల్లు చేరి, వేడినీళ్ళు పోసుకుని, తలుపు దగ్గరగా వేసుకుని కొత్త వీడియోగేమ్ మెషీనులో కొత్త ఆట ఆడుకోవాలి. పెళ్ళయిన నాటినుంచీ తనకంటూ ఒక్క పూట అడగని మనిషినని అతని నమ్మకం. ఆ విషయంలో నిర్మల అభిప్రాయం వేరు.

"పగలల్లా ఘాట్‌రోడ్డు మీద జీపు తోల్తావు. ఇంటికొచ్చి మల్లీ టీవీలో జీపు తోల్తావు. ఇసుగు రాదేటి నీకు?" అంది, ముంగిట్లో టార్పాలిన్ మీద కాఫీపళ్ళు తిరగేస్తూ.

"టీవీలో జీపుకి పాసింజర్లుండరే. మలుపు మలుపుకీ ఆపమని ఎవులూ అడగరు," అన్నాడు ధర్మ.

అరకుకీ పాడేరుకీ మధ్య సర్వీసు జీపు తోలేవాడికి అంతకంటే పెద్ద కోరిక ఉండదు. ఆ ఆట అసలు పేరు ఇంగ్లీషులో బారెడుంది. ఊళ్ళో ఎవరికీ నోరు తిరక్క జీపులాట అని సరిపెట్టుకున్నారు. కొండలూ లోయలూ, మంచులో మెలికలు తిరిగే రోడ్లూ అచ్చం మన దగ్గరి వాటిలాగే ఉంటాయట. వచ్చిన చిక్కల్లా ఒక్కటే. ఆ ఆట కొత్త మెషీనులో తప్ప ఆడదు. పాత మెషీను ఉన్నవాళ్ళు కొత్తది కొనుక్కోవలసిందేనని కంపెనీవాళ్ళు ఖండితంగా చెప్పేశారు.

పాత మెషీను ధర్మా, రవిబాబూ కలిసి కొన్నది. రవిబాబు నిర్మలకి అన్న, ధర్మకి బావ. అంతకు ముందునుంచే ఇద్దరూ ఒకే కంచంలో తిన్న స్నేహితులు. మొదటిసారి మిరియాలు బాగా పండిన ఏడు ఇద్దరూ పొత్తు కలిసి మెషీను తెచ్చి, రవిబాబు ఇంట్లో పెట్టారు. ఏళ్ళ తరబడి ఒకే చాపమీద కూర్చుని ఆడారు. తెరమీద ఒకడి బండి మలుపు తిరిగితే పక్కనున్నవాడి ఒళ్ళు కూడా అటే వంగేది.

కొత్త ఆట కబురు రాగానే గంగరాజు టీ కొట్టు దగ్గర ఇద్దరికీ వాదన పడింది. గంగరాజు విజయనగరం వైపునుంచి వచ్చి కొండమీద స్థిరపడ్డ మనిషి. వాదన నడుస్తున్నంతసేపూ టీలు బాగా పోతాయి కనుక ఎవరినీ వారించలేదు.

"మొన్నటిదాకా మనల్ని కావలసినోల్లన్నారు. ఇయ్యాల మెషీను పాతదనీసి గుమ్మంలో నిలబెట్టేత్తారా? ఇది నాయమేనా?" అన్నాడు రవిబాబు. "పాతదాన్లో కూడా ఆడేలాగ సెయ్యొచ్చు కదా. బొమ్మ కూసింత మసగ్గా ఉంటది. ఉండనీ."

"అలా సేత్తే ఆట సచ్చిపోద్ది బావా," అన్నాడు ధర్మ. "ఘాట్‌లో లోడు లారీ ఎనకాల జీపు ఎలగెల్తాది? పాతదాన్ని కూడా ఈడ్చుకెల్లాలంటే కొత్త ఆట అలగే పాకుద్ది. కొత్తదానికే సేసినప్పుడే దాని బలం తెలిసేది."

ఇద్దరి మాటా కొట్టిపారేసేది కాదు. అక్కడితో ఆపి ఉంటే ఏ గొడవా లేకపోవును. కానీ చుట్టూ పదిమంది చేరాక వాదన ఆపడం ఎవరివల్లా కాదు. ధర్మ లేచి నిలబడి ఆఖరి అస్త్రం వదిలాడు. "మన కొత్తల పండక్కి కొత్త సామలు దేన్లో వండుతాం? కొత్త కుండలోనే కదా! పాత కుండలో వండితే కొత్త అవుద్దా?"

బెంచీమీద చలి కాచుకుంటున్న ఊరి పూజారి సోంబరు తాత ఆ మాటకి తలూపాడు. దాంతో మిగతావాళ్ళూ ఊపారు. రవిబాబు గ్లాసులో సగం టీ వదిలేసి వెళ్ళిపోయాడు.

గెలిచిన హుషారు ధర్మకి కొన్నాళ్ళు బాగానే పనిచేసింది. కాఫీ డబ్బులు చేతికి రాగానే కొత్త మెషీనుకి ఆర్డరు పెట్టేశాడు. అయితే టీ కొట్టు దగ్గర వాదన పడ్డ రోజునుంచి రవిబాబు చెల్లెలి గడప తొక్కలేదు. బావ లేని సాయంత్రాలు ఎంత చప్పగా ఉంటాయో అతనికి అప్పుడే తెలిసింది. మెషీనుతో వచ్చిన కంట్రోలరు కాక ఇంకొకటి విడిగా కొన్నాడు. ఎందుకని నిర్మల అడిగితే స్పేరు అన్నాడు. ఆట చప్పుడు వింటే బావ ఆగలేడని, రెండిళ్ళ అవతలినుంచి తనే వచ్చి చాపమీద కూర్చుంటాడని అతని ఆశ. పథకంలో అసలు భాగం అదే. పైకి మాత్రం చెప్పలేదు.

నిన్న అరకు కొరియర్‌లో దిగిన మెషీను ఇంట్లో టీవీ కింద, అట్టపెట్టెలోనే ఉంది. తాను పాడేరు వెళ్ళొచ్చేలోగా దాన్ని ఎవరైనా కెలికితే? ఊళ్ళో తలుపుకి తాళం వేసే అలవాటు లేదు. వేస్తే చుట్టాలు తప్పు పడతారు. ధర్మ గడ్డం గోక్కుని, ఊరి కబుర్లు కేకేసి చెప్పే బారికి అప్పన్నని పిలిచాడు.

"మావిడికాయల కొత్తకి ముందు ఎలగ కేకేత్తావో, నా మెషీనుకీ అలగే కేకెయ్యి మావా. పూజారి తెరిసేదాకా ఎవులూ ముట్టకూడదని," అన్నాడు.

కొండమీద ఏ పంటైనా అంతే. సామలు కానీ, చిక్కుళ్ళు కానీ, మామిడి కానీ, పూజారి ఊరి దేవతకి పెట్టి కొత్త చేసేదాకా ఎవరూ నోట పెట్టరు. చెట్టుకింద పండు రాలి పడున్నా దాటుకుని పోతారు. ఇంతకంటే గట్టి తాళం ఏముంటుంది? అప్పన్న ఊరంతా తిరిగి గొంతు చించుకున్నాడు. ధర్మ తన తెలివికి తానే మురిసిపోతూ జీపు స్టార్ట్ చేశాడు.

తిరుగు ప్రయాణంలో హుకుంపేట దగ్గర రమణి ఎక్కింది. పక్క ఊళ్ళో అంగన్‌వాడీ టీచరు. ముందు సీట్లో కూర్చుని ప్రతి మలుపులోనూ ధర్మకి డ్రైవింగ్ నేర్పించడం ఆమెకి అలవాటు.

"మీ ఊళ్ళో కొత్తంట కదా తమ్ముడూ. అప్పన్న కేక మా ఊరిదాకా ఇనబడింది. మాకు పిలుపు లేదేటి?" అంది.

కొత్తకి పిలవలేదేమని అడిగిన మనిషికి 'రావద్దు' అని చెప్పే మగాడు ఆ కొండల్లో ఇంకా పుట్టలేదు. "అయ్యో, పిలిసేదేటక్కా, నువ్వు రాకపోతే ఎలగ," అన్నాడు ధర్మ, మాటవరసకి. వెనక సీట్లలో కూర్చున్నవాళ్ళూ, తలుపు పట్టుకు వేలాడుతున్నవాళ్ళూ ఆ మాట విన్నారు. జీపు ఊళ్ళోకి వచ్చేసరికి ఒక్కరూ దారిలో దిగలేదు. పైగా దారిపొడుగునా ఫోన్లు చేసి ఇంకొంతమందిని పిలిచారు.

అప్పన్న కేక నమ్మి వచ్చిన ఊరివాళ్ళు అప్పటికే ధర్మ ముంగిట్లో కాఫీపళ్ళ టార్పాలిన్ చుట్టేసి ఓ మూలకి చేర్చేశారు. దాని స్థానంలో పొయ్యి రాజుకుంది. గుంజకి ఎర్రకోడి కట్టేసి ఉంది. గంగరాజు కొట్టు కట్టేసి మరీ వచ్చాడు. గుమ్మంలో సోంబరు తాత కొత్త తువ్వాలు భుజాన వేసుకుని కూర్చున్నాడు. ధర్మ వరసలు కలిపి అందరినీ పలకరించి, మెల్లగా తాతని దాటుకుని లోపలికి వెళ్ళబోయాడు.

"ఆగరా. నువ్వు కూడా ముట్టకూడదు," అన్నాడు సోంబరు.

"మెషీను నాది కదా తాతా!"

"మావిడి సెట్టు కూడా ఎవుడిదో ఒకడిదే అవుద్ది. ఆడు ముందు తినేత్తాడేటి?"

తాత లేచి లోపలికి వెళ్ళి, అట్టపెట్టె చుట్టూ ఒకసారి తిరిగి, టీవీ ముందు ఆగాడు.

"ఇదెప్పటిది?"

"మా పెల్లికి మా మావోల్లు పెట్టింది."

"మరి కొత్త సామలు పాత కుండలో వండుతావేటి?"

ధర్మ వాదించబోయాడు. టీవీ కుండ కాదనీ, మెషీనే కుండ అనీ, టీవీ కేవలం పొయ్యి లాంటిదనీ చెప్పబోయాడు. పొయ్యి అయినా అలికి కొత్తచేసే కదా వెలిగిస్తామని ఒక ముసలామె అందుకుంది. "కొత్తది కొత్తదాన్లోనే ఆడాలని మా కొట్టుకాడే కదయ్యా అన్నావు. నిలబడి మరీ అన్నావు," అని గంగరాజు సాక్ష్యం చెప్పాడు. తన మాట తనకే ఇంత శుద్ధంగా అప్పజెప్పేవాళ్ళు ఉంటారని ధర్మ ఊహించలేదు.

అరకు వెళ్ళి కొత్త టీవీ తెద్దామంటే చేతిలో ఉన్నదంతా మెషీనుకే పోయింది. ఊళ్ళో కొత్త టీవీ ఒక్కచోటే ఉంది. అరకు చూడటానికొచ్చే టూరిస్టుల కోసం ఇంట్లో ఒక గది అద్దెకిస్తూ, దాని కోసమని ఈమధ్యే పెద్ద టీవీ తెచ్చినవాడు రవిబాబు. ఆ సంగతి అందరికీ తెలుసు. పేరు మాత్రం ఎవరూ ఎత్తలేదు. అందరూ ధర్మ మొహంలోకి చూశారు.

"నువ్వెల్లి అడగరాదా? నీ అన్నే కదా," అన్నాడు ధర్మ నిర్మలతో, గొంతు తగ్గించి.

"నాను అడగను. మా అన్నని నాను పొమ్మనలేదు," అంది నిర్మల, అల్లం దంచుతూ.

రెండిళ్ళ దూరం ధర్మకి అనంతగిరి ఘాట్ ఎక్కినంత పనయింది. రవిబాబు గదిలో ఒక్కడే కూర్చుని పాత మెషీనులో పాత ఆటే ఆడుతున్నాడు. చాపమీద ఒక పక్కకి జరిగి కూర్చున్నాడు. రెండో పక్క ఖాళీగా ఉంది.

"బావా."

"ఊఁ." రవిబాబు తల తిప్పలేదు.

"టీవీ కావాలి. కొత్తకి."

"ఈ టీవీ పాత మెషీనుకే ఆడుద్ది బావా. నీ కొత్తదానికి ఆడదు."

"ఎందుకాడదు? వైరు ఒకటే కదా!"

"వైరు ఒకటే. ఆడనివ్వకూడదని నాననుకున్నాను. మీ కంపెనీవోల్లు అనుకున్నట్టే."

ధర్మ చాపమీద ఖాళీ చోట్లో కూలబడ్డాడు. తెరమీద పాత జీపు పాత రోడ్డుమీద బుడుబుడుమంటూ పోతోంది.

"నిజం సెప్పాలంటే నాకూ తెలీదు బావా," అన్నాడు ధర్మ చివరికి. "పాతదానికి నిజంగా బలం సాలదో, సాలదని ఆల్లే అనేసినారో. నాకేటి తెలుసు?"

"మరంత గట్టిగా వాదించేసినావు?"

"జీపు తోలేవోడిని కదా. ఎనకబండి ఎక్కలేకపోతంటే ముందున్నోడు ఆగిపోవాలా అనిపిత్తాది."

"ఆగమని నానన్లేదు. ఎల్లిపో. మలుపు తిరిగినాక ఓపాలి అద్దంలో సూసుకో. ఎనకున్నోడు వత్తన్నాడో లేదో. రోజూ నువ్వు సేసే పనే కదా అది."

అవును, రోజూ చేసేదే. పొగమంచులో వెనకబండి దీపం కనబడేదాకా నెమ్మదిగా పోవడం ఘాట్‌లో ప్రతి డ్రైవరుకీ అలవాటు. అంత చిన్న మర్యాద టీ కొట్టు దగ్గర ఎందుకు గుర్తురాలేదా అని ధర్మ సిగ్గుపడ్డాడు. సిగ్గు బయటపడకుండా టీవీ వైరు పీకడం మొదలుపెట్టాడు. రవిబాబు అడ్డు చెప్పకపోగా లేచి రెండో వైపు పట్టుకున్నాడు.

"టీవీతోపాటు నానూ వత్తాను. కొత్త టీవీ. ఎవులో ఒకరు కాపలా ఉండాలి కదా," అన్నాడు.

"ఉండాలి ఉండాలి," అన్నాడు ధర్మ గబగబా.

టీవీకి దుప్పటి కప్పి, ఇద్దరూ చెరోవైపు మోసుకొస్తుంటే అప్పన్న ముందు నడుస్తూ 'తప్పుకోండహో' అని కేకలు వేశాడు. రోడ్డుమీద పోతున్న టూరిస్టుల కారొకటి ఆగింది. అందులోంచి దిగినవాళ్ళు ఫోన్లతో వీడియో తీస్తూ, ఏ దేవుడి ఊరేగింపని అడిగారు. "ఈయన ఇంకా నోరు తెరవలేదు బాబూ, తెరిసినాక తెలుస్తాది," అన్నాడు అప్పన్న. వాళ్ళూ చెప్పులు విడిచి వెనకే వచ్చి పంక్తిలో కూర్చున్నారు.

సోంబరు తాత ఊరి దేవత జాకరని తలచుకుని, మెషీనుకీ టీవీకీ పసుపూ బొట్టూ పెట్టాడు. అంతవరకూ బాగానే ఉంది. పసుపునీళ్ళ చెంబు ఎత్తి చల్లబోయేసరికి ధర్మకి పైప్రాణం పైనే పోయింది. ఒక్క గెంతున వెళ్ళి మెషీను మీద బోర్లా పడ్డాడు. నీళ్ళన్నీ అతని వీపుమీద పడ్డాయి. ఇంత భక్తి గల ఇంటాయనని ఎక్కడా చూడలేదని టూరిస్టులు అనుకున్నారు.

మెషీను వెలిగింది. వెలగ్గానే, ఆడే ముందు నెట్‌లోంచి ఇంకా బోలెడు దించుకోవాలంది. తెరమీద ఒక గీత చీమలా పాకసాగింది. వచ్చినవాళ్ళందరి ఫోన్లూ ఉన్న ఒక్క టవర్నీ పీల్చేస్తున్నాయని రవిబాబు కనిపెట్టాడు. అప్పన్న కేకేసి అందరి చేతా ఫోన్లు ఆఫ్ చేయించాడు.

"ఉడుకుతున్నాదా?" అనడిగాడు తాత.

"ఉడుకుతున్నాది తాతా."

"మూత తియ్యకండి."

ఆ గీత పాకుతూనే ఉంది. ఈలోగా కోడి ఉడికింది, సామల అన్నం వార్చారు, మొదటి పంక్తి లేచే వేళకి ఆ గీత నిండింది. కొత్త చేసిన ఇంటివాడు అందరికీ వడ్డించి ఆఖరున తినాలని ఆ ఊరి ఆచారం. ఆటకీ అదే వర్తిస్తుందని తాత తేల్చాడు. ధర్మ కూరగిన్నె పట్టుకుని తిరుగుతూ, తన ఆట తన కళ్ళముందే ఊరంతా ఆడటం చూశాడు.

మొదటి చెయ్యి సోంబరుది. తాత కంట్రోలరుని రెండు చేతులతో పట్టుకుని ఒక్క నొక్కు నొక్కాడు. జీపు మంచులోంచి దూసుకెళ్ళి నేరుగా లోయలో పడింది. "ఈ రోడ్డుకి గోడ కట్టలేదేటి? కాంట్రాక్టరు ఎవుడు?" అని తాత మండిపడ్డాడు. తరవాత పెద్దలు, చుట్టాలు, టూరిస్టులు. రమణి ఇన్నేళ్ళూ ముందు సీట్లో కూర్చుని చెప్పిన పాఠాలన్నీ తనే ఆచరించి చూపించింది. ఒక్క గీతైనా పడకుండా తోలింది కానీ, రోడ్డుపక్క బొమ్మమనిషి కనబడ్డ ప్రతిచోటా ఆపేసింది.

"ఎందుకక్కా ఆపుతున్నావు?" అన్నాడు ధర్మ ఏడుపు గొంతుతో.

"పాపం, ఎక్కించుకోవాలి కదా తమ్ముడూ!"

పొద్దు కొండవెనక్కి వాలుతుండగా ధర్మ వంతు వచ్చింది. అప్పటికి జనం సగం పల్చబడ్డారు. అతను చెయ్యి కడుక్కుని వచ్చి చాపమీద కూర్చునేసరికి, నిర్మల రెండో కంట్రోలరు తెచ్చి రవిబాబు చేతిలో పెట్టింది. "స్పేరంట. నీ కోసమే కొన్నాడు," అంది.

రవిబాబు చాపమీద చోటు చేసుకున్నాడు. రెండు జీపులు బయలుదేరాయి. ఆట నిజంగా బాగుంది. మంచు అచ్చం మంచులాగే ఉంది, ఇంజను శబ్దం వీపులో తెలుస్తోంది. ఇంత ఆట పాతదానిలో పట్టకపోవచ్చుననీ ధర్మకి తోచింది. కానీ మొదటి పెద్ద మలుపులో అతని జీపు తిరిగినప్పుడు పక్కనున్న బావ ఒళ్ళు కూడా అటే వంగింది. ధర్మ కళ్ళు చెమర్చాయి. రోడ్డు కనబడక లోయలో పడ్డాడు.

"తాతా, ఓ మాటడుగుతాను," అన్నాడు వెనక్కి తిరిగి. "ఈ కొత్త కుండ ఎన్నాల్లు?"

"ఆ ఒక్క పూటే రా. రేపట్నుంచి ఏ కుండలో వండుకుంటే ఏటి?" అన్నాడు సోంబరు, పళ్ళు కుట్టుకుంటూ.

"మరారోజు టీ కొట్టుకాడ తలెందుకూపినావు?"

"నువ్వు సగమే సెప్పినావు. సగానికే ఊపినాను."

అప్పుడే గంగరాజు ఫోన్ ఆన్ చేశాడు. చేసీ చేయగానే కేక పెట్టాడు. వచ్చే వేసవికి జీపులాట పాత మెషీనులో కూడా ఆడేలా తెస్తామని కంపెనీవాళ్ళు ఆ సాయంత్రమే ప్రకటించారట. మిగిలిన జనమంతా ధర్మ మొహంలోకి చూశారు. కాఫీ డబ్బులన్నీ పోసి, చుట్టరికం పాడుచేసుకుని కొన్నవాడు ఇప్పుడేం చేస్తాడోనని.

"మంచిదే కదా!" అన్నాడు ధర్మ. "అందరూ ఆడుకుంటారు. నాదేటి పోయింది?"

"ఎలగ మంచిది?" అని గయ్యిమన్నాడు రవిబాబు. "కొత్తదాని ఇలువేటి మరి? కొత్తదానికే సేసింది కొత్తదాన్లోనే ఉండాల. పాతదాన్లోకి తెచ్చీడానికి ఆల్లెవులు?"

ధర్మ కంట్రోలరు కింద పెట్టేశాడు. "బావా, నువ్వేనా ఈ మాటంటున్నది?"

రవిబాబు కంట్రోలరు కేసి చూస్తూ కూర్చున్నాడు. "అది మా ఇంట్లోనే ఆడేత్తే," అన్నాడు మెల్లగా, "మీ ఇంటికి రాడానికి సాకేటుంటది?"

"సాకెందుకన్నా," అంది గుమ్మంలోంచి నిర్మల. "అన్నం ఉంటది. రా."

మర్నాడు గంగరాజు టీ కొట్టు దగ్గర వాదన మళ్ళీ మొదలైంది. ఆట అందరికీ రావాలని ధర్మ, కొత్తదానికే ఉండాలని రవిబాబు. ఇద్దరూ ఎదుటివాడి పాత మాటలే వాడుకున్నారు కనుక కొత్తగా ఆలోచించాల్సిన పని లేకపోయింది. సోంబరు తాత మాత్రం ఎవరికీ తలూపలేదు. దీని తరవాతి మెషీను ఎప్పుడు దిగుతుందో కనుక్కోమన్నాడు, కోడిపిల్లని ఇప్పటినుంచే పెంచుతున్నాడట.